శ్రీసిటీ ఫోనులో గేమ్‌బాయ్

“అన్నా, లైన్లో టెస్టింగ్ చేసి చేసి విసుగొస్తా ఉంది. ఫర్మ్‌వేర్ పక్కకు పోవాలంటే రెజ్యూమెలో ఏం చూపించల్ల?” రేణిగుంట, వికృతమాల, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో ఫోన్లు, టీవీలు, వాటి విడిభాగాలు బిగించే పనిలో, పరీక్షించే పనిలో ఉన్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇది. చెన్నైలోనో బెంగళూరులోనో యాప్ టెస్టింగ్ చేస్తూ శనివారం ఇంటికొచ్చే వాళ్లదీ దాదాపు ఇదే ప్రశ్న. అందరికీ ఒకటే చెబుతాను. చేతిలో పట్టుకుని ఆడే పాత గేమ్ కన్సోల్ ఒకదానికి ఎమ్యులేటర్ (ఆ యంత్రంలా ప్రవర్తించే ప్రోగ్రాము) రాయండి, దాన్ని ఆర్మ్ చిప్పు మీద నడపండి, ఎంత బాగా నడుస్తోందో అంకెల్లో చూపించండి. ఈ మూడింట్లో చివరిదాన్నే చాలామంది వదిలేస్తారు. ఉద్యోగం ఇచ్చేవాడు చూసేది దాన్నే.

ఆటల పిచ్చితో చెప్పే సలహా కాదిది. ఫర్మ్‌వేర్ ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు గుర్తు తెచ్చుకోండి: బిట్లను ఎలా జరుపుతావు, ఇంటరప్ట్ వస్తే ఏం జరుగుతుంది, టైమర్ రిజిస్టర్ ఎలా పనిచేస్తుంది, డీఎంఏ అంటే ఏమిటి, క్యాష్ ఎందుకు ఖాళీ చేయాలి. ఎమ్యులేటర్ రాసేవాడు వీటిని చదవడు, స్వయంగా కట్టుకుంటాడు. లైబ్రరీ మేనేజ్‌మెంటు, హాజరు పట్టిక యాప్, నల్లగీత వెంట నడిచే రోబో చూసీ చూసీ ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మొహం మొత్తింది.

పనిముట్టు కోసం డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. ఇంట్లో బీరువా అరలో పడున్న పాత ఫోను తీయండి. 2015 ఆగస్టులో షావోమీ సంస్థ విశాఖపట్నంలో రెడ్‌మీ 2 ప్రైమ్ విడుదల చేసింది. భారతదేశంలో తయారైన ఆ సంస్థ తొలి ఫోను అదే. బిగించింది ఫాక్స్‌కాన్, మన శ్రీసిటీలో. ధర 6,999 రూపాయలు. లోపల స్నాప్‌డ్రాగన్ 410 చిప్పు, అందులో 1.2 గిగాహెర్ట్జ్‌తో నడిచే నాలుగు ఆర్మ్ కార్టెక్స్-ఏ53 కోర్లు, 2 జీబీ ర్యామ్. 1989లో నింటెండో అమ్మిన గేమ్‌బాయ్ ప్రాసెసర్ గడియారం 4.19 మెగాహెర్ట్జ్. అంటే ఆ పాత ఫోనులో ఒక్క కోరు గడియారమే 280 రెట్లకు పైగా వేగం. మన జిల్లాలో బిగించిన ఆ ఫోను ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. ఈ పనికి మాత్రం అది ఎక్కువే.

ఫోనులో ఆండ్రాయిడ్ 7 గానీ ఆపై వెర్షన్ గానీ ఉంటే టెర్మక్స్ అనే యాప్ వేసుకుని ఫోనులోనే సి ప్రోగ్రాము కంపైల్ చేయవచ్చు. అంతకంటే పాతదైతే లాప్‌టాప్‌లో ఎన్‌డీకేతో కంపైల్ చేసి ఏడీబీ ద్వారా ఫోనులోకి పంపాలి. ఇప్పటి ఎన్‌డీకేలు ఆండ్రాయిడ్ 5 కంటే వెనకటివాటిని వదిలేశాయి, అది చూసుకోండి. చిప్పు 64 బిట్లదైనా దాని మీద 32 బిట్ల ఆండ్రాయిడ్ ఉండొచ్చు. ముందే తేల్చుకోకపోతే ఒక ఆదివారం వృథా.

వైర్లు, సోల్డరింగ్ చేతికి అలవాటైనవాళ్లు రాస్‌ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ తీసుకోండి. 1 గిగాహెర్ట్జ్‌తో నడిచే నాలుగు ఏ53 కోర్లు, 512 ఎంబీ ర్యామ్. దానికి 320×240 చుక్కల చిన్న ఎస్‌పీఐ తెర, ఎనిమిది బటన్లు, ఒక బ్యాటరీ కలిపితే అచ్చంగా చేతిలో పట్టే కన్సోల్ అవుతుంది. ఇక్కడ ఒక లెక్క వేయండి. తెర మొత్తానికి చుక్కకు 16 బిట్ల చొప్పున సెకనుకు 60 సార్లు పంపితే దాదాపు 74 మెగాబిట్లు. 32 మెగాహెర్ట్జ్‌తో నడిచే ఎస్‌పీఐ తీగ మీద అది పట్టదు. గేమ్‌బాయ్ బొమ్మ 160×144 మాత్రమే కాబట్టి అంతవరకే పంపితే 22 మెగాబిట్లు, హాయిగా పడుతుంది. ఈ నాలుగు వాక్యాల లెక్కను బోర్డు మీద వేసి చూపించిన అభ్యర్థిని నేనైతే రెండో రౌండుకు పంపుతాను. లైన్లో పనిచేసేవాళ్లకు ఇక్కడ ఇంజనీరింగ్ పట్టా ఉన్నవాళ్లకంటే మెరుగైన స్థానం ఉంది. సరిగా అతకని సోల్డర్ జాయింటు ఏదో మీకు చూడగానే తెలుస్తుంది.

ఏ కన్సోల్? నేరుగా గేమ్‌బాయ్‌లోకి దూకకండి. ముందు చిప్-8 రాయండి. అది కన్సోల్ కూడా కాదు, ఆర్‌సీఏ వారి 1977 నాటి కాస్మాక్ వీఐపీ కంప్యూటర్ కోసం జోసెఫ్ వైస్‌బెకర్ చేసిన బుల్లి భాష. ఓ 35 ఆదేశాలు, 4 కేబీ మెమరీ, 64×32 చుక్కల తెర. ఆదేశాన్ని తెచ్చుకోవడం, విడదీయడం, అమలు చేయడం అనే చక్రం చేతికి వస్తుంది. రెజ్యూమెలో మాత్రం దాన్ని పెట్టొద్దు. అందరి దగ్గరా ఉంటుంది.

గేమ్‌బాయ్ దగ్గర అందరూ చేసేది, మొదటి రోజే తెర మీద బొమ్మ రావాలని ఆరాటపడటం. ప్రాసెసర్ ముందు, తెర తర్వాత. దీనికి బ్లార్గ్ అనే పేరుతో ఒకాయన రాసిపెట్టిన పరీక్ష రోమ్‌లు ఉన్నాయి. ప్రాసెసర్ ఆదేశాలకు సంబంధించినవి 11. తెర లేకపోయినా ఫరవాలేదు, ఫలితాన్ని అవి సీరియల్ పోర్టుకు అక్షరాలుగా పంపుతాయి. ఆ అక్షరాలను పట్టి టెర్మినల్లో అచ్చు వేస్తే చాలు. ఫ్యాక్టరీలో బోర్డుకు జిగ్ తగిలించి పాస్, ఫెయిల్ చూసే పని మీకు కొత్త కాదు కదా, ఇదీ అదే పని. మొత్తం 11 పాస్ అయ్యేదాకా తెర జోలికి పోవద్దు. మిమ్మల్ని ఎక్కువగా ఏడిపించేవి రెండు: నాలుగో బిట్ నుంచి ఐదో బిట్‌కు పోయే సగం క్యారీ, దాని మీద ఆధారపడి దశాంశ అంకెలను సరిదిద్దే డీఏఏ ఆదేశం. ఫ్లాగ్ రిజిస్టర్‌లో కింది నాలుగు బిట్లు ఎప్పుడూ సున్నాలే. అది మరిచి స్టాక్ నుంచి ఉన్నదున్నట్టు తీసుకుంటే పరీక్ష ఎందుకు తప్పుతోందో రాత్రంతా వెతుక్కోవాల్సి వస్తుంది. ఈ యంత్రం గురించి తెలిసినదంతా పాన్ డాక్స్ అనే పత్రంలో ఉంది. ముందు దాన్ని చదవండి, వీడియో పాఠాలు తర్వాత.

తెర విషయానికొస్తే, అదంతా గడియారం. ఒక్కో గీతకు 456 గడియారపు దెబ్బలు. కనిపించే గీతలు 144, కనిపించనివి 10. మొత్తం 70,224 దెబ్బలకు ఒక ఫ్రేము. సెకనుకు 59.73 ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకు 16.74 మిల్లీసెకన్లు. ఈ 16.74ను గోడ మీద రాసి పెట్టుకోండి, ఇక ముందు మీ కొలతలన్నీ దీనితో పోల్చేవే. తెర సరిగ్గా గీస్తున్నారో లేదో చూడటానికి డీఎంజీ-యాసిడ్2 అనే పరీక్ష రోమ్ ఒకటుంది. నవ్వుతున్న ముఖం పూర్తిగా వస్తే సరి, కన్నో ముక్కో పోతే ఎక్కడ పోయిందో దాన్నిబట్టి తప్పు తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆర్మ్ సంగతి. లాప్‌టాప్‌లో చక్కగా ఆడిన ప్రోగ్రాము ఫోనులో వెర్రిగా ప్రవర్తిస్తుంది. తరచుగా కారణం సి భాషలోని ‘చార్’. ఇంటెల్, ఏఎండీ యంత్రాల మీద కంపైలర్లు దాన్ని రుణ సంఖ్యలు పట్టేదిగా తీసుకుంటాయి. లైనక్సు, ఆండ్రాయిడ్ ఉన్న ఆర్మ్ మీద పట్టనిదిగా తీసుకుంటాయి. గేమ్‌బాయ్‌లో వెనక్కి దూకమనే ఆదేశం దూరాన్ని రుణ సంఖ్యగా ఇస్తుంది. లాప్‌టాప్‌లో 5 అడుగులు వెనక్కి పోయినది, ఫోనులో 251 అడుగులు ముందుకు పోతుంది. ‘చార్’ వదిలి ‘ఇంట్8_టి’ వాడితే సమస్యే రాదు. చిన్న విషయమే, కానీ రెండు యంత్రాల మీద నడిపి చూసినవాడికే తెలిసే విషయం. ఇంటర్వ్యూలో ఇలాంటి ఒక్క ఉదాహరణ, పది పాఠ్యపుస్తక నిర్వచనాల పెట్టు.

శబ్దం దగ్గర చాలా ప్రాజెక్టులు ఆగిపోతాయి. ఎందుకో చూడండి. ఆట సెకనుకు 59.73 ఫ్రేములు ఇస్తుంది. ఫోను తెర 60 అడుగుతుంది. స్పీకరు 48,000 శాంపిళ్లు అడుగుతుంది, అంటే ఫ్రేముకు 803 పైచిలుకు. మూడు గడియారాలూ వేరు. ఎవరి మాట వినాలి? చెవి మాట వినండి. ఒక ఫ్రేము పోయినా కన్ను క్షమిస్తుంది, శబ్దం తెగి టప్పుమంటే చెవి ఊరుకోదు. ఆడియో బఫర్ నిండుతున్న కొద్దీ ఆటను కాసేపు నిలపడం, ఖాళీ అవుతుంటే ముందుకు నడపడం తేలికైన దారి. ఎమ్యులేటర్లను నడిపే రెట్రోఆర్చ్ అనే ప్రోగ్రాము చేసే పని ఇంకా నాజూకు. బఫర్ ఎంత నిండిందో చూసి శాంపిల్ వేగాన్ని వినపడనంత కొద్దిగా పెంచి తగ్గిస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఓబో లైబ్రరీ వాడితే పాత ఫోన్లకు, కొత్త ఫోన్లకు విడివిడిగా రాయనక్కర్లేదు.

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు వెంటనే అడిగేది, “గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో ఉన్నది ఆర్మ్ ప్రాసెసరే కదా, ఆర్మ్ ఫోనులో నేరుగా నడిచిపోదా?” 2001లో వచ్చిన ఆ కన్సోల్‌లో 16.78 మెగాహెర్ట్జ్ ఆర్మ్7టీడీఎంఐ ఉన్న మాట నిజం. ఆశ మాత్రం అడియాసే. ఆట నేరుగా హార్డ్‌వేర్ చిరునామాల్లో రాస్తుంది, ఆ చిరునామాల దగ్గర మీ ఫోనులో ఇంకేదో ఉంటుంది. పైగా ఆర్మ్ వారి కొత్త కోర్లు కొన్ని, కార్టెక్స్-ఎక్స్2, ఏ715 వంటివి, 32 బిట్ల ఆదేశాలనే వదిలేశాయి. కాబట్టి ఇక్కడా అనువాదమే.

ఆ అనువాదం వేగంగా కావాలంటే ఆట ఆదేశాలను నడుస్తుండగానే ఆర్మ్ ఆదేశాలుగా మార్చి మెమరీలో పెట్టి అమలు చేయాలి, దీన్నే డైనరెక్ అంటారు. హెన్రిక్ రిడ్‌గార్డ్ 2012లో మొదలుపెట్టిన పీపీఎస్‌ఎస్‌పీపీ ప్లేస్టేషన్ పోర్టబుల్ ఆటలను ఫోన్లలో నడిపింది ఇలాగే. ఎక్సోఫేజ్ పేరుతో రాసే ప్రోగ్రామర్ 2013లో తెచ్చిన డ్రాస్టిక్ నింటెండో డీఎస్ ఆటలను ఆనాటి ఫోన్లలో ఆడించింది కూడా ఇలాగే. ఇందులో మొదటిదాని సోర్సు అందరికీ అందుబాటులో ఉంది, చదవండి. రాయడం మాత్రం ఇప్పుడే వద్దు. గేమ్‌బాయ్‌కి మామూలు ఇంటర్‌ప్రెటర్ చాలినంత వేగం, డైనరెక్ పెడితే పెరిగేది తప్పులే. ఒకవేళ రాస్తే ఆర్మ్‌లో మరిచిపోకూడనిది ఒకటి. కొత్తగా రాసిన ఆదేశాలు డేటా క్యాష్‌లో ఉంటాయి, ఆదేశాల క్యాష్‌కు ఆ సంగతి తెలియదు. రెంటినీ కలిపే పిలుపు మీరే ఇవ్వాలి. ఇంటెల్ మీద హార్డ్‌వేరే చూసుకునే ఈ పనిని ఇక్కడ మరిచిపోతే ప్రోగ్రాము రోజుకో చోట కూలుతుంది.

కొలవడం గురించి. సగటు ఫ్రేముల సంఖ్య రాస్తే చాలదు, అది మోసం చేస్తుంది. ప్రతి ఫ్రేముకు ఎంత సమయం పట్టిందో గ్రాఫు గీయండి, అతి నెమ్మది ఫ్రేము ఎంతో చెప్పండి. ఆండ్రాయిడ్‌లో సింపుల్‌పెర్ఫ్, లైనక్సులో పెర్ఫ్ ఏ ఫంక్షన్ సమయం తింటోందో చూపిస్తాయి. ఆ తర్వాత ఎండ. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీ గదిలో ఒకసారి, అలిపిరిలో నీడ లేని చోట ఒకసారి అరగంట చొప్పున నడిపి రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టండి. చిప్పు వేడెక్కి వేగం తగ్గించుకున్న చోటు గీతలో కనబడుతుంది. బెంగళూరు చలవలో కూర్చుని పనిచేసే బృందాలకు ఈ సమాచారం తేలిగ్గా దొరకదు. అలిపిరి దగ్గర సవారీల కోసం ఎదురుచూసే ట్యాక్సీ, జీపు డ్రైవర్ల కంటే మంచి పరీక్షకులూ దొరకరు. గీతలు పడిన తెర, నిండిపోయిన మెమరీ, ఉబ్బిన బ్యాటరీ, అన్ని రకాల ఫోన్లూ అక్కడుంటాయి. “ఇది కాసేపు ఆడి చూడన్నా” అని ఇచ్చి, మీరు నోరు మూసుకుని చూడండి. బటను ఎక్కడ నొక్కబోయి ఎక్కడ నొక్కుతున్నారో ఓ పుస్తకంలో రాసుకోండి.

వాళ్లకు ఇచ్చే ఆట ఏదన్నది ముఖ్యం. ఇంటర్నెట్‌లో దొరికే పాత ఆటల రోమ్‌లు వద్దు. 1990లలో మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేమ్ పెట్టెల్లో చాలావరకు నింటెండో టీవీ కన్సోల్‌కు నకళ్లే. ఆ అలవాటుతో ‘అందరూ చేసేదేగా’ అనుకోవడం మనకు సులువు. కానీ ఆట బొమ్మలు, సంగీతం, ప్రోగ్రాము అన్నిటికీ కాపీరైట్ ఉంది. గేమ్‌బాయ్ ఆన్ చేయగానే నడిచే 256 బైట్ల బూట్ రోమ్‌కూ ఉంది. దాన్ని వాడకుండా రిజిస్టర్లలో తగిన విలువలు పెట్టి హెక్సా 0100 చిరునామా నుంచి మొదలుపెట్టవచ్చు. ఆటకైతే టోబు టోబు గర్ల్ వంటి, సోర్సుతో సహా స్వేచ్ఛగా ఇచ్చినవి ఉన్నాయి. ఇంకా మంచిది, జీబీడీకే-2020 అనే పనిముట్లతో సొంతంగా ఒక చిన్న ఆట రాయడం. తెలుగు అక్షరాలు పెట్టాలని చూస్తే సరదా సమస్య ఒకటి ఎదురవుతుంది. ఈ యంత్రం గీసే ముక్క 8×8 చుక్కలు. ఇంగ్లీషు అక్షరం అందులో ఇమిడిపోతుంది, ‘శ్రీ’ ఇమడదు. నాలుగు ముక్కలు కలిపి 16×16 చేస్తే గానీ ఒత్తులకు చోటు రాదు. తెర మీద వరుసకు పది అక్షరాలకు మించి పట్టవు. ఆ పరిమితిలో చదవగలిగే తెలుగు లిపి గీయగలిగితే, దాన్ని ఎమ్యులేటర్ కంటే ముందు చూపించండి.

చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది? మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, చట్టబద్ధంగా మీ దగ్గరున్న ప్రోగ్రాము పనితీరును గమనించి, పరీక్షించి దాని వెనకున్న సూత్రాలను తెలుసుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. అమెరికాలోనూ 2000లో సోనీ, కనెక్టిక్స్ కేసులో ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ చేసినవారికే అప్పీలు కోర్టులో అనుకూలంగా తీర్పు వచ్చింది. చిక్కు తాళాలు పగలగొట్టడం దగ్గర వస్తుంది. 2024 ఫిబ్రవరిలో నింటెండో, తన స్విచ్ కన్సోల్‌కు ఎమ్యులేటర్ అయిన యూజు మీద కేసు వేసింది. మార్చిలో యూజు బృందం 24 లక్షల డాలర్లకు ఒప్పుకుని పని ఆపేసింది. అక్కడి ప్రధాన ఆరోపణ ఆటల ఎన్‌క్రిప్షన్‌ను తప్పించడం గురించే. మన చట్టంలోనూ 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ అలాంటి తాళాల గురించే. గేమ్‌బాయ్‌లో పగలగొట్టాల్సిన తాళమేదీ లేదు. ఉద్యోగం కోసం చేసే ప్రాజెక్టుకు పాత యంత్రాన్ని ఎంచుకోమనడానికి ఇదొక కారణం.

షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు సమయం గురించి ఒక మాట. రాత్రి షిఫ్టు దిగి వచ్చి కొత్త కోడు రాయొద్దు. ఆ గంటను లాగ్ చదవడానికి, పరీక్షలు నడపడానికి వాడండి. లేచే ముందు తప్పుతున్న పరీక్ష ఒకదాని పేరు కాగితం మీద రాసి పెట్టుకోండి, మళ్లీ కూర్చున్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించే పని తప్పుతుంది.

ఏఐ పనిముట్లు గేమ్‌బాయ్ ఎమ్యులేటర్‌ను చాలావరకు రాసిపెట్టేస్తాయి, ఆ సంగతి ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ తెలుసు. అందుకే కోడు ఉందా అని కాదు, దాన్ని వివరించగలరా అని చూస్తారు. గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు పైన నాలుగు ఉండాలి: ఏ పరీక్షలు పాస్, ఏవి ఫెయిల్ అన్న పట్టిక, ఒక నిమిషం వీడియో, ఎండలోనూ గదిలోనూ తీసిన ఫ్రేము గ్రాఫులు, ఒక్క బగ్‌ను ఎలా పట్టుకున్నారో మీ మాటల్లో ఒక పేజీ. ఫెయిల్ అయినవి దాచకండి. రెజ్యూమెలో “ఎమ్యులేటర్ తయారుచేశాను” అని రాసి వదలొద్దు. “కార్టెక్స్-ఏ53 మీద ఒక్క కోరుతో గేమ్‌బాయ్ ఎమ్యులేటర్, అతి నెమ్మది ఫ్రేము ఇన్ని మిల్లీసెకన్లు, పరిమితి 16.74” అని రాయండి. ‘ఇన్ని’ చోట మీరు కొలిచిన అంకె పెట్టండి. క్వాల్‌కామ్, ఎన్‌ఎక్స్‌పీ, ఆర్మ్ వంటి పెద్ద సంస్థలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నాయి, నిజమే. డిప్లొమా ఉన్నవాళ్లను అక్కడి జల్లెడ మొదట్లోనే ఆపేయొచ్చు. వాటికి పనిచేసిపెట్టే డిజైన్ సర్వీసు కంపెనీలు, మీటర్లు, కెమెరాలు చేసే చిన్న ఉత్పత్తి సంస్థలు, ఇప్పుడు మీరున్న ఫ్యాక్టరీలోనే టెస్ట్ ఇంజనీరింగ్ విభాగం, ముందు వీటిని తట్టండి. టెస్ట్ ఇంజనీరింగ్‌ను చిన్నచూపు చూస్తారు గానీ, జిగ్ కోసం ఫర్మ్‌వేర్ రాసే అవకాశం అక్కడే ముందుగా వస్తుంది.

చివరిగా కాగితాల పని. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు యజమానే హక్కుదారు. ప్రోగ్రామూ అందులోకే వస్తుంది. అందుకే ఆఫీసు లాప్‌టాప్‌లో, ఆఫీసు వేళల్లో, ఆఫీసు మెయిల్‌తో ఈ పని ముట్టుకోవద్దు. ఫ్యాక్టరీలో చూసిన ఫర్మ్‌వేరు, సర్క్యూట్ పటం, జిగ్ ఫొటో ఏదీ ప్రాజెక్టులోకి రాకూడదు, రెజ్యూమెలోకీ రాకూడదు. కొన్ని నియామక ఒప్పందాల్లో సొంత వేళల్లో చేసిన పని కూడా కంపెనీదే అని ఉంటుంది. మీ కాగితం తీసి ఆ పేరా చదవండి, ఉంటే మొదలుపెట్టకముందే హెచ్‌ఆర్‌ను మెయిల్లో అడగండి. కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చే ఒప్పందంలో, అంతకుముందే మీరు చేసుకున్న పనుల జాబితా రాయమని చివర్లో చాలాసార్లు ఒక పేజీ ఉంటుంది. అందరూ దాన్ని ఖాళీగా వదిలి సంతకం పెడతారు. మీరు మాత్రం ఎమ్యులేటర్ పేరు, గిట్‌హబ్ చిరునామా, మొదలుపెట్టిన తేదీ అందులో రాసి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.